మార్టినుపక్షుల యిండ్లు: ముదిమిలో వాని పోషణము

గృహస్థునకు విధింపబడిన నిత్యకృత్యములలో భూతయజ్ఞ మొకటి. కాకికి బలియన్నము పెట్టుట, చీమలకు నూకలు చల్లుట, చూరునకు వరికుచ్చు గట్టుట మొదలగునవి మన యిండ్లలో స్త్రీల చేతిమీదుగనే జరుగుచు వచ్చినవి. ఈ పనులలో నొక సౌలభ్యము కలదు. ఒకనాడు మనకు జ్వరము వచ్చి పిడికెడు మెతుకులు పెట్టలేకపోయినను కాకి యాకటితో చావదు. అది మఱియొక యింటికి పోవును. మన యాదరణము దానికి మేలేగాని ప్రాణాధారము గాదు. కాని మనుష్యుల యాదరణమే ఆధారముగా బ్రదుకు పక్షి యొకటి యుత్తర అమెరికా ఖండమున గలదు. దానికి కట్టియిచ్చిన యింటిని ఏటేట బాగుచేయుచుండవలెను. ఆ బాగుచేయు చేతులు ముదిసినప్పు డేమి చేయవలె నన్నది యచటి యనేక సంసారములలో నిపుడు నిజమైన చింతగా నున్నది. ఆ సంగతిని మన సోదరీమణులకు విన్నవింపవలెనని యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఈ పక్షి పేరు పర్పుల్ మార్టిన్. ఇది వానకోవెల జాతిలోనిది. ఉత్తర అమెరికాలోని వానకోవెలలన్నిటిలో పెద్దది. పొడవు 8 అంగుళములు. బరువు నాలుగైదు తులములు. మగపక్షి మేనెల్ల నల్లకలువ వన్నె. ఎండ తగిలినప్పుడు ఊదారంగుగా మెఱయును. ఆడుపక్షులకును, ఏడాది పిల్లలకును ఱొమ్ము బూడిదవన్నెగా నుండును. ఇవి యెగురుచునే తూనీగలను, పెంకుపురుగులను, ఱెక్కలచీమలను, చిమ్మటలను బట్టి తినును. ఎగురుచునే నీటిమీద ముక్కు సోకించి దప్పి తీర్చుకొనును. దినమునకు 2,000 దోమలను తినునని వెనుక కొందఱు ప్రకటనలలో చాటిరి గాని యది నిజము గాదు. దోమలు నేలకు దగ్గఱగా, చీకటివేళ తిరుగును; మార్టిను పగటిపూట చాల యెత్తున మేయును. కావున దోమల బెడద తీఱునను నాసతో దీనిని పోషింపబూనినవారు త్వరలోనే విసిగి మానుకొందురు. దాని కలకలము వినవలెనని, దాని సంసారము కన్నులార చూడవలెనని పోషించువారే తుదివఱకు నిలుతురు.

శీతకాలమున నీ పక్షులు దక్షిణ అమెరికాకు, ముఖ్యముగా బ్రెజిలు దేశమునకు పోవును. జనవరి నెల నుండి యుత్తరమునకు మరలును. ఫ్లోరిడాకు జనవరి నడుమను, టెక్సాసునకు జనవరి చివరను ఫిబ్రవరిలోను, కెనడా సరిహద్దునందలి రాష్ట్రములకు ఏప్రిలులోను చేరును. పెద్ద పక్షులు ముందు వచ్చును. వెనుకటి యేడు పుట్టినవి కొన్ని వారముల తరువాత వచ్చును. కెనడాలోని టొరాంటో నగరమున యార్కు విశ్వవిద్యాలయమునందలి విదుషీమణి బ్రిడ్జెట్ స్టచ్‌బరీగారు 2007లో పెన్సిల్వేనియా రాష్ట్రమున కొన్ని మార్టిను పక్షుల వీపునకు మిక్కిలి తేలికయైన సాధనములను గట్టి, అవి పోయివచ్చిన దారిని కనిపెట్టిరి. ఒక ఆడుపక్షి బ్రెజిలు నుండి 7,500 కిలోమీటర్లను 13 దినములలో గడచి తన గూటికి మరలివచ్చెను. ఈ సంగతి 2009లో ప్రకటింపబడినప్పుడు శాస్త్రజ్ఞు లాశ్చర్యపడిరి. అంతదూరము నుండి వచ్చిన పక్షి వెనుకటి యేడు తాను పిల్లలను లేపిన యింటినే వెదకుకొనుచు వచ్చుననుట మఱింత విశేషము.

ఈ పక్షికి తన గూటికి తొఱ్ఱ తాను చేసికొను శక్తి లేదు. పూర్వము వడ్రంగిపిట్టలు తొలిచి విడిచిన చెట్టుతొఱ్ఱలలో గ్రుడ్లు పెట్టెడిది. నేటికిని పడమటి ప్రాంతములలో కొన్ని యట్లే చేయుచున్నవి. అరిజోనా యెడారిలోని మార్టినులు సగ్వారో యను మహాకాయపు ముండ్లచెట్ల తొఱ్ఱలలో కాపురముండును. కాని రాకీ పర్వతములకు తూర్పున నున్నవి దాదాపుగా నన్నియు మనుష్యులు పెట్టిన యిండ్లలోనే పిల్లలను పెట్టుచున్నవి. ఈ యలవా టెట్లు కలిగినదో చూడుడు. ఆ దేశపు ఆదిమవాసులలో చాక్టా, చికసా యను తెగలవారు మొక్కచెట్ల తలలు నఱికి, మిగిలిన కొమ్మల మొదళ్లకు ఎండిన సొరబుఱ్ఱలను వ్రేలాడగట్టెడివారని 1808 మొదలు 1814 వఱకు తన పక్షిగ్రంథమును వెలువరించిన అలెగ్జాండరు విల్సను వ్రాసియున్నాడు. ఆ సొరబుఱ్ఱ వేఱొక వింతకాయ గాదు. మన పెరటి పందిరిమీద ప్రాకు ఆనపతీగ జాతిదే. మనవారు దానిని నీళ్లబుఱ్ఱగాను, తంబురకు కుండగాను వాడికొన్నారు. వారు పక్షికి పురుటిగదిగా నిచ్చిరి. తరువాత తెల్లవారును ఈ పద్ధతి నవలంబించి కొయ్యతో మేడలవంటి గూళ్లు కట్టిరి. పల్లెటూళ్లలోని ప్రతి పూటకూటింటి ముందును ఇట్టి గూడొకటి యుండెడిదని 1831లో ఆడుబాను వ్రాసెను. 1960ల నుండి తేలికయైన అల్యూమినియపు గూళ్లు వ్యాపించినవి. ఇట్లు తరతరములుగా నలవాటుపడి తూర్పుమార్టినులు చెట్టుతొఱ్ఱను దాదాపు మఱచినవి.

ఈ యాధారము పెరిగిన కొలదిని దానికి శత్రువులును పెరిగినవి. 1850ల తొలి సంవత్సరములలో ఇంగ్లండు నుండి పిచ్చుకలను తెచ్చి న్యూయార్కు ప్రక్క నున్న బ్రూక్లినులో విడిచిరి. 1890లో ఐరోపా స్టార్లింగులను, అనగా మన గోరువంకలకు చుట్టములైన పక్షులను, న్యూయార్కులోని సెంట్రలు పార్కులో విడిచిరి. ఈ రెండును ఖండమెల్ల నిండి, మార్టినులు వచ్చులోపలనే గూళ్ల నాక్రమించుచున్నవి. గ్రుడ్లను పొడిచి, పిల్లలను చంపుటయు గలదు. మనము వరికుచ్చు గట్టి పిలుచు పిచ్చుకయే యచట దొంగయైనదని విన్నప్పుడు మాకును మనసు చివుక్కుమన్నది. కాని తప్పు పిచ్చుకది గాదు; దాని తావు దప్పించి దూరదేశమునకు గొనిపోయినవారిది. దాని ఫలమును మాత్రము మార్టిను పోషకు లనుభవింపవలసివచ్చినది. ఇల్లు పెట్టి యూరకున్నచో అది మార్టినుల యిల్లు గాక పిచ్చుకలగూ డగును. కావుననే యీ పక్షిపోషణము కానుక యిచ్చి మఱచుటవంటిది గాదు, బిడ్డను పెంచుటవంటిది.

ఇక నా యింటి పరికరముల సంగతి. గూటిని నేలకు 12 మొదలు 15 అడుగుల యెత్తున, చుట్టును 40 అడుగుల మేర చెట్లు లేని బయలులో, అయినను మనుష్యుల యింటికి చేరువగా నిలుపవలెను. మనుష్యసంచారమున్న చోట గ్రద్దలు, గుడ్లగూబలు జంకునని యీ పక్షి కనిపెట్టినది. కంబమును కరెంటుతీగలకు దూరముగా కాంక్రీటులో పాతవలెను. గూటికి వెలుపల తెల్లరంగు వేయవలెను. తెలుపు ఎండవేడిని త్రిప్పికొట్టును. గదు లొకప్పుడు 6 అంగుళముల చదరముగా నుండెడివి. ఇప్పుడు 12 అంగుళముల లోతు మంచిదని తేలినది. లోతు ఎక్కువైనప్పుడు గుడ్లగూబ గోరు లోపలి పిల్లలకు అందదు. గుండ్రని వాకిలి 2 అంగుళములకు కొంచెము పైగా నుండును. స్టార్లింగును ఆపవలెనన్నచో అర్ధచంద్రాకారపు వాకిలి కావలెను. దాని యెత్తు అంగుళము మీద పదాఱింట మూడు వంతులు మాత్రమే. ఆ యంతరము గవ్వమందము పెరిగినను స్టార్లింగు దూరును. కాబట్టి రంగు పెచ్చులు లేచినను, అంచులు కొఱుకుడుపడినను ఏటేట కొలిచి చూచుకొనవలెను.

సొరబుఱ్ఱలను వాడువారి పని మఱికొంత యెక్కువ. కాయను తీగమీదనే ముదురనిచ్చి, నెలలతరబడి యెండబెట్టి, లోపల గింజలు గలగలలాడిన పిదప పైపొరను గీకి, వాకిలి తొలిచి, గింజలను లాగివేయుదురు. అడుగున నీరు కాఱుటకు సన్నని రంధ్రములును, మెడయొద్ద తాడు దూర్చుటకు రంధ్రములును చేయుదురు. పుచ్చకుండుటకై మైలుతుత్తపు నీటిలో ముంచి యారబెట్టి, పైన తెల్లరంగు పూయుదురు. లోపల మాత్రము రంగు తగులనీయరు. ఏటేట పక్షులు వెళ్లిన పిదప కడిగి, పగుళ్లు చూచి, మరల రంగు వేసినచో నీ బుఱ్ఱలు చాలయేండ్లు మన్నును. ఇప్పుడు ప్లాస్టికు బుఱ్ఱలు వచ్చినవి. వానికి మూత లుండుటచేత లోపలికి చేయిపెట్టి శుభ్రపఱచుట సులభము.

సంవత్సరము పొడుగున జరుగవలసిన పనులను ముక్తసరిగా జెప్పెదము. పక్షులు వెళ్లిపోయిన తరువాత గూటిని దింపి, పాతగూళ్లను తీసివేసి, తొమ్మిదిపాళ్ల నీటికి ఒకపాలు బ్లీచింగు ద్రావణము కలిపి కడిగి, ఎండలో నారబెట్టవలెను. ఎండిన రెట్టల ధూళి ఊపిరితిత్తులకు చెఱుపు. ముక్కునకు నోటికి గుడ్డ గట్టుకొనియే యీ పని చేయవలెను. శీతకాలమంతయు గూటిని లోపల దాచుట మంచిది; దాచలేనివారు వాకిండ్లు మూయవలెను. ఆ కాలముననే కప్పీలకు కందెన పెట్టి, ఉక్కుతాటిని కొనమొదళ్లు తడవి చూచి, ఒక్క పోగు తెగియున్నను క్రొత్తది వేయవలెను. నూలుతాళ్లు, నైలానుతాళ్లు ఎండకు చివికి పైకి బలముగానే కనబడుచుండును, వానిని నమ్మరాదు. శీలలు, మరలు బిగించి, కంబము నిట్టనిలువుగా నున్నదో లేదో చూడవలెను. పాములును, రాకూను అను పిల్లిని బోలిన దొంగజంతువును కంబ మెగబ్రాకకుండ 8 అంగుళముల వ్యాసమును, 2 అడుగుల పొడవును గల రేకుగొట్టమును కంబమునకు తొడుగవలెను. ఇది లేని యిల్లు తలుపులేని యిల్లు. ఒక్క రాత్రిలో గూళ్లన్నియు శూన్యమగును.

పక్షులు వచ్చి కాపురము పెట్టిన పిదప అయిదాఱు దినముల కొకసారి గూటిని దింపి గదిగదిని చూడవలెను. మనుష్యుల చేయి తగిలినంతమాత్రమున నీ పక్షి గూడు విడువదు. గదులకు సంఖ్యలు వేసి, ఏ గదిలో నెన్ని గ్రుడ్లున్నవో పుస్తకమున వ్రాసికొందురు. ఒక్కొక్క కాన్పునకు 3 మొదలు 6 గ్రుడ్లు. పొదుగుటకు 15 మొదలు 18 దినములు. పిల్లలు గూటిలో నుండుట 26 మొదలు 32 దినములు. పిల్లలకు పదిదినముల యీడు వచ్చినప్పు డొకసారియు, ఇరువదిదినములప్పుడు మఱియొకసారియు నెత్తురు పీల్చు పురుగులు పట్టిన పాతగూటిని తీసి, దేవదారు చిత్రికపొట్టు పఱతురు. 22 దినములు దాటిన పిల్లలున్న గదిని తెఱవరాదు. అవి బెదరి ఱెక్కలు రాకమునుపే దుముకును. ఈ లెక్కయంతయు తల్లి తన బిడ్డ పుట్టిన తిథిని జ్ఞప్తియం దుంచుకొన్నట్లు పోషకురాలు మనసున నుంచుకొనవలెను.

ఇంతవఱకు చదివిన సోదరీమణులకు అసలు చిక్కు తోపకపోదు. ఈ పనులలో నొక్కటియు కూర్చుండి చేయునది గాదు. తల పైకెత్తి, చేతులు చాచి, బరువు లాగి, వంగి లేచి చేయవలెను. ఈ పక్షులను పోషించువారిలో ముదుసళ్లు మెండు. ఉద్యోగవిరామము కలిగి, పిల్లలు వేఱిండ్లకు పోయి, పెరడును తీరికయు మిగిలినవారే యిందులో నెక్కువగా దిగుదురు. ఇరువది ముప్పది యేండ్లు నడచిన పిదప వారి మోకాళ్లు, భుజములు మొండికెత్తును. అప్పుడొక యింట గూడు దిగుట మానును. మఱియొక యింట తాడు తెగి గూడు నడుకంబమున నిలిచిపోవును. పోషకుడు గతించినచో క్రొత్తగా వచ్చినవారికి ఆ కంబ మెందులకో తెలియనే తెలియదు. ఉత్తరపు రాష్ట్రములలో నీ పక్షులు తగ్గుటకు చలి, పురుగుల కొఱత మొదలగు కారణములతో పాటు వృద్ధపోషకుల గూళ్లు పాడుపడుటయు నొక కారణముగా నెఱిగినవారు చెప్పుచున్నారు. 1987లో పెన్సిల్వేనియాలో నేర్పడిన మార్టిను సంరక్షణ సంఘమువారు క్రొత్తవారికి ఈ విద్య నేర్పుటనే ముఖ్యకార్యముగా బెట్టుకొనుటలో నీ భయమును గలదు.

మా పొరుగింటివారి కొమార్తె, మా యింటివారియొద్ద బడిలో చదువుకొన్న పిల్ల, నాలుగేండ్ల క్రిందట భర్తతో టెక్సాసు రాష్ట్రమునకు కాపురమునకు వెళ్లెను. మమ్ము "పిన్నిగారూ" అని పిలుచు చనవున అచటి విశేషములు వ్రాయుచుండును. ఆమె యింటిప్రక్క 79 ఏండ్ల ముదుసలి యొకతె యొంటరిగా నున్నది. మన పిల్ల ఆమెను మామ్మగారనియే పిలుచును. మామ్మగారి పెనిమిటి బ్రదికియుండగా పండ్రెండు గదుల కొయ్యగూటిని మడతబందుగల కంబముమీద నిలిపెను. దానిని దింపవలెనన్నచో కంబమును ప్రక్కకు వంచవలెను. అందులకు నలుగురు కావలెను. వంచినప్పుడు గూటిలోని గ్రుడ్లు దొరలిపడును గనుక, గ్రుడ్లు పెట్టిన పిదప దానిని చూచుటకే వీలులేదు. పెనిమిటి గతించిన యేడు వేఱొక పట్టణమున నున్న కుమారుడు మార్చినెలలో వచ్చి, "అమ్మా, నీవిక నిచ్చెన యెక్కుట మానవలెను, దీనిని పడగొట్టించి పోయెదను" అనెను. అతడు చెడ్డవాడు గాడు. తల్లి తుంటియెముక విఱుగునని భయపడెను. ఆమెయు మొండిది గాదు. అప్పటికే పది జతలు గూళ్లలో చేరియున్నవి, అవి పోవుటకు వేఱుచోటు లేదని యెఱిగియున్నది. 2021 ఫిబ్రవరిలో టెక్సాసును మంచు ముంచివేసినప్పుడు పురుగులు లేక మార్టినులు గుంపులుగా చచ్చుట ఆమె కన్నులార చూచినది. ఆ వారమున వేచిన గ్రుడ్డు తునుకలను, ఇలకోళ్లను గాలిలోని కెగరవైచి, తన పక్షులలో కొన్నింటిని నిలువబెట్టుకొన్న చేయి యామెది.

తల్లికొడుకుల కిరువురికిని న్యాయమగు మార్గమును మన పిల్ల సూచించినది. ఆ యేటి కాపురములు ముగియువఱకు గూటిని కదలింపరాదు. పక్షులు వెళ్లిన పిదప కొయ్యగూటిని తీసివేసి, అదే చోట నిట్టనిలువు కంబమును, చేతిరాటమును, ఎనిమిది ప్లాస్టికు బుఱ్ఱలను పెట్టవలెను. కుమారు డట్లే చేయించెను. మఱుసటి ఫిబ్రవరిలో వచ్చిన పక్షులు రెండుమూడు దినములు చుట్టు తిరిగి, బుఱ్ఱలలో చేరినవి. ఇపుడు మామ్మగారు కుర్చీలో కూర్చుండి సంఖ్యలు చెప్పుచుండగా మన పిల్ల రాటము త్రిప్పి గదులు చూచుచున్నదట. పండ్రెండు గదులు ఎనిమిదైనందుకు ముదుసలికి కొంత చింత లేకపోలేదు. కాని చూడలేని పండ్రెండింటికంటె చూడగలిగిన యెనిమిదియే పక్షికి మేలని మా యభిప్రాయము.

ఈ యుదాహరణమునుబట్టియు, పెద్దలు వ్రాసినదానినిబట్టియు ముదిమిలో నీ పరికరములను నడుపువారికి కొన్ని నియమము లేర్పఱుపవచ్చును. మొదటిది, నిచ్చెన మానుట. నిచ్చెనతోగాని చేరరాని గూడు డెబ్బది దాటినవారికి తగదు. గూడే దిగిరావలెను గాని మనము పైకెక్కరాదు. రెండవది, బరువు తగ్గించుట. తడిసిన కొయ్యగూటి బరువు రాటముమీదను, మనసుమీదను గూడ పడును. మూడవది, రాటము విషయము. ఆపుసాధనము లేని పాతరాటముల పిడి చేయి జాఱినచో గిఱ్ఱున తిరిగి మణికట్టును విఱుగగొట్టును. చేయి విడిచినను నిలిచిపోవు రాటమునే యేర్చుకొనవలెను. విద్యుత్తు బరమాతో త్రిప్పదగినవియు గలవు. కీళ్లవాతము గలవారి కవి మిక్కిలి యుపకరించును. నాలుగవది, తాటిని తెగువఱకు వేచియుండక మార్చుట. గూడు పైనుండగా తాడు తెగినచో క్రింద నున్న పోషకురాలికిని, పైనున్న పిల్లలకును ఒకేసారి యాపద. అయిదవది, దృష్టి. గదులసంఖ్యలను పెద్దవిగా, నల్లరంగుతో వ్రాసికొనవలెను. దూరము నుండి చూచుటకు దుర్భిణి నుంచుకొనవలెను. ఆఱవది, ఒంటరిగా నున్నప్పుడు గూటిని దింపరాదు. పక్షులను చూచుటకు ప్రతిదినమును తగును. పనిముట్లను ముట్టుటకు మాత్రము తోడు కావలెను.

ఇవన్నియు చేసినను ఒకనాటికి చేతులు సాగవు. ఆ దినమునకు ముందుగానే యేర్పాటు చేసికొనుట యవసరము. వారసుడు కడుపున బుట్టినవాడే కావలెనను నియమము లేదు; వీధిలోని పిల్లలలో నొకరిద్దఱిని గూళ్లు చూచువేళ పిలుచుచుండినచో వారిలో నెవరికో ఆసక్తి పుట్టును. వారికి గూటితో పాటు పుస్తకమును గూడ నీయవలెను. ఏ తేదిని తొలిపక్షి వచ్చినది, ఏ గదికి ఎండ యెక్కువ, ఏ రాటమున కే కందెన పెట్టవలెను అను వివరములు లేనిదే కంబము మాత్రమిచ్చుట వంటిల్లప్పగించి పోపులపెట్టె దాచుకొన్నట్లగును. వారసు డెవరును దొరకనప్పుడు గూటిని పాడుపడనిచ్చుటకంటె తీసివేయుటయే ధర్మము; పిచ్చుకలు నిండిన గూడు చుట్టుపట్ల మార్టినులకు గూడ కీడు. కాని తీసివేయుట శీతకాలముననే జరుగవలెను. గ్రుడ్లున్న గూటిని కదలించుట 1918 నాటి వలసపక్షుల చట్టముచే నిషిద్ధము. ఇల్లమ్మునప్పుడును ఈ సంగతిని కొనువారికి ముందే చెప్పుట మర్యాద. వీలైనచో దగ్గఱలో నింకొకరి పెరటిలో ముందే యొక గూటిని నిలుపుట మంచిది. వసంతమున మరలివచ్చి, తమ యిల్లు లేక, అది యున్న యెత్తున ఆకాశమున చుట్టు తిరుగు పక్షులకు చూపుటకు అప్పుడొక చోటైన నుండును.

బిడ్డలకును, కోడండ్రకును ఒక్కమాట. ముదుసలి యిష్టముతో చేయు పనిని "నీకేల నీ శ్రమ" యని మాన్పించుట సులభము. ఆ పనిలో బరువైన సగమును తాము మోయుట కొంచెము కష్టము. మాన్పించినచో ఆమెకు విశ్రాంతి గలుగునని యనుకొందుము గాని, ఫిబ్రవరి వచ్చునప్పటికి ఆకాశమువంక చూచుటకు ఆమెకొక కారణము లేకుండ చేసినవార మగుదుము. తాడు లాగుట మనము చేసి, లెక్క చెప్పుట ఆమెకు విడిచినచో ఇద్దఱకును పని మిగులును. పక్షికి ఇల్లు మిగులును.

మార్టిను మన దేశమునకు రాదు. అయినను మన యిండ్లలోను పెద్దల చేతిమీదనే నడచు పనులు లేకపోలేదు. చూరునకు కట్టు వరికుచ్చును జడవలె అల్లు నేర్పు, నూతి గిలకకు కందెన పెట్టు కాలము, పెరటిచెట్ల కెప్పు డెరువు వేయవలెనను తెలివి అవ్వలయొద్దనే నిలిచియున్నవి. వానిని మనము వ్రాసికొనలేదు. వారు చెప్పుదమని కూర్చుండలేదు. ఈ సంక్రాంతికి క్రొత్తధాన్యము ఇంటికి వచ్చినప్పుడు అవ్వను అరుగుమీద కూర్చుండబెట్టి, నాలుగు వరికంకులు చేతికిచ్చి, కుచ్చు మొదలెక్కడ పట్టవలెనో అడిగి తెలిసికొనుడు. పిల్లలను గూడ ప్రక్కనే కూర్చుండబెట్టుడు.